చివరి రోమన్ కంచు నాణేలు: మొదటి నాణెంగా దేన్ని ఎంచుకోవాలి?

క్రీస్తుశకం 294 నుంచి అయిదో శతాబ్దం చివరి దాకా రోమన్ టంకసాలలు కొట్టిన కంచు నాణేలు ఇప్పటికీ విస్తారంగా దొరుకుతున్నాయి. 2016లో స్పెయిన్‌లోని సెవిల్ దగ్గర టొమారెస్ అనే ఊళ్లో పైపుల కోసం తవ్వుతుంటే 19 మట్టి జాడీలు బయటపడ్డాయి. వాటి నిండా ఉన్న నాణేల బరువు దాదాపు 600 కిలోలు. లిబియాలోని మిస్రాతా దగ్గర దొరికిన నిధిలో లక్షకు పైగా నాణేలు ఉన్నాయి. అందుకే పదహారు వందల ఏళ్ల నాటి రోమన్ నాణేన్ని సొంతం చేసుకోవడానికి ధనవంతులు కానక్కరలేదు.

చిక్కంతా ఎంపికలోనే ఉంది. ‘చివరి రోమన్ కంచు’ అనే ఒకే పేరు కింద, అరచేతిలో బరువుగా ఆనే పది గ్రాముల బిళ్ళ నుంచి చిటికెన వేలి గోరంత ఉండే ఒక గ్రాము ముక్క వరకు అన్నీ అమ్ముతారు. కొత్తవారు సాధారణంగా పేరున్న చక్రవర్తి కోసమో, అందమైన ముఖం కోసమో చూస్తారు. నా సలహా వేరు. బొరుసు వైపు కింది అంచున, గీత దిగువన ఉండే టంకసాల గుర్తును చదవగలమా లేదా అన్నది మొదట చూడండి. చక్రవర్తి సంగతి ఆ తర్వాత.

దీనికి కారణం ఒక మామూలు నాణెంతోనే తెలుస్తుంది. చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలం నాటి ‘గ్లోరియా ఎక్సెర్సిటుస్’ (సైన్య కీర్తి) రకం తీసుకుందాం. బొరుసు మీద ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు, ఒక్కొక్కరి చేతిలో ఈటె, పక్కన డాలు. వారి మధ్య సైనిక ధ్వజాలు రెండు ఉంటే అది 330–335 మధ్యది. ఒక్కటే ఉంటే ఆ తర్వాతది, సుమారు 341 లోపుది. ధ్వజాలు రెండు నుంచి ఒకటి కావడంతో పాటే బరువు కూడా దాదాపు రెండున్నర గ్రాముల నుంచి ఒకటిన్నర గ్రాముల వైపు పడిపోయింది. ఇక కింది గీత దిగువన ‘ఎస్ ఎం కె ఏ’ అని ఉందనుకోండి. మొదటి రెండు అక్షరాలకు ‘పవిత్ర ధనం’ అని అర్థం. ‘కె’ అంటే సిజికస్, ఇప్పటి తుర్కియేలో మర్మరా సముద్రం ఒడ్డున ఉండిన నగరం. చివరి అక్షరం గ్రీకు ఆల్ఫా, అంటే ఆ టంకసాలలో ఒకటో కార్ఖానా. అయిదారేళ్ల కాలం, ఊరు, ఆ ఊళ్లో ఏ కార్ఖానా అన్నవి గోరంత లోహం మీద దొరుకుతాయి. ఆ గుర్తు అరిగిపోతే మిగిలేది ‘కాన్‌స్టాంటైన్ కాలం నాటిది’ అన్న మాట మాత్రమే.

తూర్పు టంకసాలల్లో కార్ఖానా సంఖ్యకు గ్రీకు అక్షరాలు వాడితే, పశ్చిమాన ఎక్కువగా లాటిన్‌లో మొదటి, రెండో, మూడో అనే మాటల తొలి అక్షరాలు వాడారు. ‘టి ఆర్ పి’ అంటే ట్రియర్ (ఇప్పటి జర్మనీలో) మొదటి కార్ఖానా, ‘టి ఆర్ ఎస్’ అంటే రెండోది. ‘పి ఎల్ ఎన్’ కనిపిస్తే అది లండన్. ఆ టంకసాల 325లో మూతపడింది కాబట్టి లండన్ గుర్తున్న నాణేల ధర కాస్త ఎక్కువే. ‘ఎస్ ఎం ఏ ఎన్’ అంటే అంతియోకియ, ‘ఎస్ ఐ ఎస్’ అంటే ఇప్పటి క్రొయేషియాలోని సిసియా. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఉచితంగా నడిపే ‘ఓసీఆర్ఈ’ అనే రోమన్ సామ్రాజ్య నాణేల ఆన్‌లైన్ జాబితాలో ఈ గుర్తు, బొరుసు మీది రాత ఇచ్చి వెతికితే మీ నాణెం ఏ సంచికలోదో, అంటే ఏ విడతలో కొట్టినదో తేలిపోతుంది.

డయోక్లీషియన్ పెద్ద నాణెమా, కాన్‌స్టాంటైన్ చిన్న నాణెమా?

మొదటిసారి కొనేవారికి ఎదురయ్యే అసలు ఎంపిక ఇదే.

చక్రవర్తి డయోక్లీషియన్ 294 ప్రాంతంలో నాణేల వ్యవస్థను తిరగరాశాడు. అప్పుడు వచ్చిన కొత్త కంచు నాణెం దాదాపు పది గ్రాములు, అడ్డంగా 27–28 మిల్లీమీటర్లు. లోహంలో కొద్ది శాతం వెండి కలిపి, పైన పల్చటి వెండి పూత ఇచ్చారు. అమ్మకందారులు దీన్ని ‘ఫోలిస్’ అంటారు. అన్నిటికన్నా విరివిగా దొరికే బొరుసు ‘జెనియో పోపులి రోమాని’: రోమన్ ప్రజల రక్షక దేవత ఒక చేత తర్పణ పాత్ర, మరో చేత పండ్లతో నిండిన కొమ్ము పట్టుకుని నిలబడి ఉంటాడు. పెద్ద బిళ్ళ కాబట్టి అక్షరాలు పెద్దవి, భూతద్దం లేకుండానే చదవవచ్చు. వెండి పూత అక్కడక్కడా మిగిలిన నాణెం దొరికితే దాని అందమే వేరు.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. అప్పుడు సామ్రాజ్యాన్ని నలుగురు కలిసి పాలించారు, నలుగురి ముఖాలూ నాణేల మీద ఒకేలా ఉంటాయి: బలిసిన మెడ, పొట్టి గడ్డం, చతురస్రపు తల. ముఖాన్ని బట్టి ఎవరో చెప్పలేం, పేరు చదవాల్సిందే. పేరు చదివినా ఒక మెలిక మిగులుతుంది. ఆ నలుగురిలో మాక్సిమియన్, గలేరియస్ ఇద్దరి నాణేల మీదా ‘మాక్సిమియానుస్’ అనే ఉంటుంది. 305కు ముందు గలేరియస్ ఉపచక్రవర్తి కాబట్టి అతని బిరుదు ‘సీజర్’, మాక్సిమియన్ బిరుదు ‘అగస్టస్’. బిరుదు దగ్గర నాణెం అరిగిపోయి ఉంటే అమ్మేవారి మాటను గుడ్డిగా నమ్మకండి.

పది గ్రాముల బరువు ఎంతోకాలం నిలవలేదు. 307 నుంచి మెట్టు మెట్టుగా తగ్గిస్తూ వచ్చి, 313 నాటికి మూడున్నర గ్రాముల దరికి తెచ్చారు. కాన్‌స్టాంటైన్ పేరుతో మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి ఈ తగ్గిన బరువువే. సైజు చిన్నది, ధర తక్కువ, రకాలు మాత్రం బోలెడు. మిల్వియన్ వంతెన యుద్ధంలో గెలిచి క్రైస్తవం వైపు మొగ్గాడని మనం చదువుకున్న ఏడాది 312. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు అతని నాణేల మీద ‘సోలి ఇన్విక్టో కోమిటి’ అనే రాతతో, కిరణాల కిరీటం పెట్టుకుని చెయ్యెత్తిన సూర్యదేవుడే ఉన్నాడు. చరిత్ర పాఠంలో ఒక్క రోజులో జరిగిపోయినట్టు చెప్పే మార్పు నిజానికి ఎంత నెమ్మదిగా జరిగిందో ఈ నాణేలు ఏళ్ల వారీగా చూపిస్తాయి. నాకు కాన్‌స్టాంటైన్ నాణేల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ సూర్యుడే.

కుటుంబ చరిత్ర మీద ఆసక్తి ఉంటే కొడుకు క్రిస్పస్, భార్య ఫౌస్టా, తల్లి హెలెనా పేర్లతో కూడా నాణేలు ఉన్నాయి. క్రిస్పస్‌ను, ఫౌస్టాను 326లో చంపించారు. వారి నాణేలు అక్కడితో ఆగిపోతాయి.

ముఖ్యంగా చెప్పాల్సినవి మరో రెండు రకాలు. 330 మే 11న కాన్‌స్టాంటినోపుల్ నగర ప్రతిష్ఠ జరిగింది. ఆ సందర్భంగా మొదలైన జంట నాణేల మీద చక్రవర్తి ముఖం ఉండదు, శిరస్త్రాణం పెట్టుకున్న నగర దేవత ఉంటుంది. ‘ఉర్బ్స్ రోమా’ నాణెం బొరుసు మీద రోమ్ స్థాపకులని చెప్పే కవలలు రోములస్, రెముస్‌లకు పాలిచ్చే ఆడ తోడేలు, పైన రెండు నక్షత్రాలు. ‘కాన్‌స్టాంటినోపోలిస్’ నాణెం మీద ఓడ ముక్కున నిలబడిన విజయదేవత. రెండూ చవకగానే దొరుకుతాయి. ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే ఈ జంటను మించినది లేదు.

ఈ రెండింటి మధ్య నా తీర్పు ఇది: ఒక్క నాణెంతో ఆగిపోదలచుకున్నవారు, దాన్ని చట్రంలో పెట్టుకుని చూసుకోదలచుకున్నవారు డయోక్లీషియన్ కాలపు పెద్ద ఫోలిస్ తీసుకోండి. ఒకటి చదివాక ఇంకొకటి కావాలనిపించే స్వభావం మీదైతే కాన్‌స్టాంటైన్ చిన్న నాణేలతో మొదలుపెట్టండి. ఒక పెద్ద నాణెం ధరకు వేర్వేరు టంకసాలల చిన్నవి నాలుగైదు రావచ్చు, వాటిని పక్కపక్కన పెట్టినప్పుడే ఈ విద్య ఒంటబడుతుంది.

348 తర్వాత: పడిపోతున్న రౌతు

కాన్‌స్టాంటైన్ కొడుకులు కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ 348 ప్రాంతంలో మళ్లీ కాస్త బరువైన కంచు తెచ్చారు. రోమ్ నగరం పుట్టి పదకొండు వందల ఏళ్లు నిండినది కూడా అదే ఏడాది అని లెక్క. ‘మంచి రోజులు మళ్లీ వచ్చాయి’ అనే భావంతో వీటి మీద ‘ఫెల్ టెంప్ రెపారాషియో’ అని రాశారు. ఈ ఒక్క రాత కింద బొమ్మలు ఎన్నో. విజయదేవత చుక్కాని పట్టగా ఓడ మీద నిలబడిన చక్రవర్తి, చెట్టు కింది గుడిసెలోంచి చిన్న మనిషిని చెయ్యి పట్టి బయటికి తెస్తున్న సైనికుడు, చక్రవర్తి ఎదుట ఇద్దరు బందీలు, చిన్న నాణేల మీద ఫీనిక్స్ పక్షి.

వీటన్నిటిలోకీ విరివిగా దొరికేది పడిపోతున్న రౌతు బొమ్మ. ఎడమ చేత డాలు పట్టిన రోమన్ సైనికుడు ఈటెతో పొడుస్తున్నాడు. ఎదుటివాడి గుర్రం ముందుకాళ్ల మీద కూలింది. రౌతు గుర్రం మెడ మీదికి వాలిపోయి, ఒక చెయ్యి వెనక్కి చాస్తూ సైనికుడి వైపు తల తిప్పి చూస్తున్నాడు. మంచి నాణెం మీద ఆ రౌతు టోపీ ఆకారం కూడా తెలుస్తుంది. కిందపడిన డాలు నేల మీద ఉంటుంది. ఇరవై మిల్లీమీటర్ల స్థలంలో ఇంత కదలికను చెక్కిన అచ్చు పనివాడిని మెచ్చుకోకుండా ఉండలేం.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది సైజు. తొలి సంచికలు అయిదు గ్రాముల దగ్గర ఉంటే, 350ల నడిమి నాటికి అదే బొమ్మ రెండున్నర గ్రాముల బిళ్ళ మీదికి దిగిపోయింది. ధర చాలావరకు ఈ తేడాను బట్టే ఉంటుంది, కాబట్టి ఫోటో మాత్రమే చూసి పెద్దదనుకోకండి. బరువు, అడ్డుకొలత చెప్పని ప్రకటన దగ్గర ఆగకండి. రెండోది అసలు నకలు సంగతి. ఆనాడే బ్రిటన్, గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) ప్రాంతాల్లో స్థానికులు ఈ బొమ్మను ముతకగా అనుకరించి లెక్కలేనన్ని చిన్న నాణేలు కొట్టారు. అవీ ప్రాచీనమైనవే, వాటికీ అభిమానులున్నారు. మొదటి నాణెంగా మాత్రం వద్దు, ఎందుకంటే వాటి మీద రాత అర్థం లేని గీతలుగా మారిపోయి ఉంటుంది.

ధర, అందం, చదవడానికి వీలు ఈ మూడింటినీ కలిపి చూస్తే, అన్ని రకాల్లోకీ మొదటి నాణెంగా నేను సిఫారసు చేసేది ఈ తొలి సంచికల పెద్ద సైజు రౌతునే. ముఖ్యంగా టంకసాల గుర్తు పూర్తిగా బిళ్ళ మీద పడిన దాన్ని.

ఖరీదైనవి రెండు

350లో పశ్చిమాన తిరుగుబాటు చేసి, 353లో ఓడి ఆత్మహత్య చేసుకున్న మాగ్నెంటియస్ చివరి రోజుల్లో ఒక పెద్ద కంచు నాణెం కొట్టించాడు. గ్రీకు అక్షరాలు ఖై, రో కలిసిన క్రీస్తు చిహ్నం బొరుసు మొత్తాన్నీ ఆక్రమించి ఉంటుంది, అటూ ఇటూ ఆల్ఫా, ఒమేగా. క్రైస్తవ సేకరణదారుల్లో దీనికి గిరాకీ ఎక్కువ, ధరా అలాగే.

ఆ తర్వాత జూలియన్. 361–363 మధ్య పాలించి, పాత దేవతల ఆరాధనను తిరిగి నిలబెట్టబోయి, పారశీక దండయాత్రలో చనిపోయిన చక్రవర్తి. తత్వవేత్తలా గడ్డం పెంచిన ముఖం ఒక వైపు, రెండు నక్షత్రాల కింద నిలబడిన ఎద్దు మరో వైపు. ఎనిమిది గ్రాములకు పైబడిన ఆ నాణెం నాలుగో శతాబ్దపు కంచుల్లో నిజంగా గంభీరమైనది. ఆ ఎద్దును చూసి అంతియోకియ ప్రజలు అతన్ని ఎగతాళి చేశారు కూడా.

ఈ రెండూ మొదటి కొనుగోలుకు తగవు. ఖరీదు ఎక్కువ కాబట్టి, అరిగిన నాణెం మీద ఎద్దు ముఖాన్నో గడ్డం వెంట్రుకలనో ఈ కాలపు పనిముట్టుతో తిరిగి చెక్కి అమ్మేవారుంటారు. గీతల అంచులు మరీ పదునుగా ఉండి, చుట్టూ ఉన్న తలం అస్వాభావికంగా నున్నగా ఉంటే అనుమానించాలి. అలా అనుమానించే కన్ను రావడానికి ముందు చవక నాణేలను బాగా చూసి ఉండాలి.

చివరి చిన్న నాణేలు, దక్షిణ భారతం

వాలెంటీనియన్, వాలెన్స్ (364–378) నాణేలు చవక, బొమ్మలు దాదాపు రెండే: బందీని జుట్టు పట్టి లాగుతున్న చక్రవర్తి, దండ పట్టుకున్న విజయదేవత. వీటి గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. థియోడోసియస్ కాలంలో అయిదు గ్రాముల మంచి నాణేలు కొంతకాలం వచ్చాయి. 395లో వెలువడిన శాసనం పెద్ద కంచును చెలామణి నుంచి తొలగించింది. అప్పటికే 388 నుంచి వస్తున్న ‘సాలుస్ రెయిపుబ్లికే’ రకపు గ్రాము నాణేలు, వాటి తర్వాత వచ్చిన చిన్నవి మాత్రమే మిగిలాయి. వీటి వ్యాసం 13 మిల్లీమీటర్లు. అచ్చు బిళ్ళ కన్నా పెద్దది కావడంతో రాత సగం బయటే పడిపోతుంది. చదవడానికి వీలు అనే నా కొలమానం ప్రకారం ఇవి చివరి స్థానంలో ఉండాలి.

కానీ మనకు వీటితో నిజమైన సంబంధం ఒకటుంది. తమిళనాడులోని కరూర్ దగ్గర అమరావతి నది ఇసుకలో, మధురైలో, శ్రీలంకలో దొరికిన రోమన్ కంచు ఎక్కువగా ఈ నాలుగు, అయిదు శతాబ్దాల చిన్న నాణేలే. చేతులు మారీ మారీ బాగా అరిగిపోయి ఉంటాయి, అంటే ఇక్కడ నిజంగా వాడుకలో తిరిగాయి. శ్రీలంకలో వీటి అనుకరణలు కూడా తయారయ్యాయి. తెలుగు నేల మీద దొరికిన రోమన్ నిధుల్లో పేరున్నవి మాత్రం అంతకు ముందు కాలపు వెండి, బంగారం. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికినవి 1,531 వెండి నాణేలు. కాబట్టి ‘ఆంధ్రలో దొరికిన చివరి రోమన్ కంచు’ అని ఎవరైనా కథ చెప్పి అమ్మజూపితే రుజువు అడగండి. దక్షిణ భారత వర్తక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి అరిగిన చిన్న నాణెం కూడా విలువైనదే, కాకపోతే దాన్ని రెండో నాణెంగా తీసుకోండి.

శుభ్రం చేసినదా, మట్టితో ఉన్నదా?

విదేశాల్లో ఉండే తెలుగువారికి ‘శుభ్రం చేయని రోమన్ నాణేలు’ అంటూ గుత్తగా అమ్మేవి తరచూ కనిపిస్తాయి. ధర ఆకర్షణీయంగా ఉంటుంది. నేను వద్దంటాను. బాగున్న వాటిని ఏరేశాక మిగిలినవే అందులో ఉంటాయి. అంతకన్నా ముఖ్యంగా, అవి ఎక్కడ, ఎలా తవ్వినవో ఎవరికీ తెలియదు. 2013లో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, సీటన్ డౌన్ అనే చోట 22,888 రోమన్ నాణేలు ఒకే గుంటలో దొరికితే, దొరికినవాడు వెంటనే తెలియజేశాడు, పురావస్తు నిపుణులు వచ్చి పద్ధతిగా తవ్వారు. అందుకే ఆ నిధిని 350 ప్రాంతంలో పాతిపెట్టారని తెలిసింది. రాత్రిపూట దొంగగా తవ్వి సంచుల్లో కలిపేసిన నాణేలు అలాంటి మాట ఒక్కటి కూడా చెప్పలేవు. పాత సేకరణ నుంచి వచ్చినట్టు కాగితాలున్న ఒక్క నాణెం, అలాంటి ముప్పై నాణేల కన్నా మేలు.

భారతదేశంలో ఉన్నవారు చట్టం తెలుసుకోవాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం కింద పురావస్తువు. దాన్ని వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం నేరం. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. అమెరికాలో ఉన్నవారు ఇటలీ, బల్గేరియా వంటి దేశాల నుంచి వచ్చే ప్రాచీన నాణేల మీద దిగుమతి ఆంక్షలున్నాయని గుర్తుంచుకోవాలి.

కొన్న తర్వాత

మన ఇళ్లలో కంచు, ఇత్తడి మాసితే చింతపండుతో తోముతాం. నాణెం దగ్గరికి చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, పూజసామగ్రి తోమే పొడి ఏదీ రానివ్వకండి. శతాబ్దాలుగా ఏర్పడిన ముదురు ఆకుపచ్చ లేదా గోధుమ రంగు పొరే నాణేన్ని కాపాడుతోంది. ఆమ్లం తగిలితే ఆ పొర పోతుంది, దానితోపాటు అక్షరాలూ పోతాయి. మట్టి తీయాలంటే డిస్టిల్డ్ నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, చెక్క పుల్లతో మెల్లగా గీకాలి.

మంచి చిలుముకు, జబ్బు చిలుముకు తేడా కొనకముందే చూడాలి. మంచిది గట్టిగా, నున్నగా ఉంటుంది, పుల్లతో గీకినా రాదు. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా రాలేది క్లోరైడ్ల వల్ల వచ్చే కంచు జబ్బు. తేమ తగిలిన కొద్దీ అది లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. ధర సగానికి తగ్గించినా అలాంటిది తీసుకోవద్దు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర నగరాల్లో ఉండేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, ఆ పొట్లాలను అప్పుడప్పుడు ఎండబెట్టి లేదా మారుస్తూ ఉండండి. మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి, కాలక్రమంలో అవి జిగట పదార్థాన్ని వదిలి నాణేన్ని పాడుచేస్తాయి. ఆమ్లం లేని కాగితపు కవరు చాలు, దాని మీదే టంకసాల గుర్తు, బరువు, ఎక్కడ ఎప్పుడు కొన్నారో రాసిపెట్టండి. వానాకాలం అయ్యాక ప్రతి నాణేన్నీ ఒకసారి బయటికి తీసి, భూతద్దంతో అంచుల వెంట లేత ఆకుపచ్చ చుక్కలు ఉన్నాయేమో చూడండి. కనిపిస్తే దాన్ని వెంటనే మిగిలిన వాటి నుంచి వేరు చేసి, క్లోరైడ్లను బయటికి లాగే సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో నానబెట్టడం మొదలుపెట్టండి.